చెరువులో వదిలిన జత

2025 ఏప్రిల్ 6, ఆదివారం

చేపలమ్మే కమలాబాయి గేటు దగ్గరికి వచ్చింది. బుట్టలో రవ్వ చేపలు రెండే. ఇంతేనా అన్నాను. అడుగు నుంచి ఇంకోటి తీసి చూపించింది. నల్లగా ఉంది. ఒళ్లంతా పెంకు, పొట్ట వైపు నోరు. దెయ్యపు చేపనట, దాని ముళ్లకు వల చినిగిందట. కత్తి సుత దిగది, తింటవా అమ్మా అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. గుర్తుపట్టాను. అక్వేరియంలో పాచి తినడానికి పెంచే సక్కర్ ఫిష్.

ఏప్రిల్ 7

పాత డైరీ తీశాను. 2017 ఆగస్టు. మావారు రామభద్రరావు గారు పోయిన పన్నెండో రోజు. ఆయన అక్వేరియంలో మిగిలినవి రెండు సక్కర్లే. అన్నయ్య చేత్తో మేత తిన్న జీవాలు, చెరువులో వదిలితే ఆయనకే పుణ్యం అంది మా ఆడపడుచు ఝాన్సీలక్ష్మి. బకెట్లో తీసుకెళ్లి కట్ట మీద నుంచి వదిలాను.

నా చేతిరాతే: సక్కర్లు 2, వదిలాను. మనసు తేలికైంది.

ఏప్రిల్ 13

సైనిక్‌పురి నుంచి కట్ట దాకా నడిచే వెళ్లాను. కమలాబాయి భర్త సోమయ్య వల లాగుతున్నాడు. నిలబడి లెక్కపెట్టాను. రవ్వలు 3. బొచ్చె 1. సక్కర్లు 41.

ఎవరో పుణ్యాత్ములు తెచ్చి ఇడిసిండ్రు, వాళ్లకు స్వర్గం, నాకు చినిగిన వల అన్నాడు. ఎండాకాలం గిట్లనే పోతే ఏదన్న అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌గ చేరుత అన్నాడు. ముప్పయ్యేళ్లుగా ఈ నీళ్ల మీద బతికిన మనిషి.

లెక్క రాసుకుని ఇంటికొచ్చేశాను.

ఏప్రిల్ 14

పట్టినవాటిని ఎండలో గట్టున పారేస్తారు. పొద్దున పారేసినవి సాయంత్రానికి కూడా మొప్పలు ఆడిస్తున్నాయి. ఇంట్లో ఆయన అక్వేరియం అద్దం మీద వేలితో తడితే దగ్గరికి వచ్చేవి.

ఏప్రిల్ 15, మధ్యాహ్నం 3

అక్వేరియం ఎప్పుడో ఇచ్చేశాను. ఇవాళ హాల్లో ఆ మూల నుంచి నీళ్ల చప్పుడు.

ఏప్రిల్ 22

ఫిషరీస్ శాఖలో పనిచేసే అమ్మాయి, అనుపమ, కట్ట చూడటానికి వచ్చింది. గట్టులోని బొరియలు వాటివేనట. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుందట, మగది కాపలా ఉంటుందట. నీళ్లు తగ్గినప్పుడే తవ్వి తీయాలట. తీసినవాటిని పూడ్చాలి, మళ్లీ నీళ్లలో వేయకూడదు. పూర్తిగా పోవు ఆంటీ, తగ్గుతాయి అంది. ఎంతోమంది వదిలి ఉంటారు, ఎవరింటివో చెప్పలేం అని కూడా అంది.

ఏప్రిల్ 24

ఆ చివరి మాట పట్టుకుని రెండు రోజులు బతికాను. ఇక చాలనిపించింది. గట్టు మీద భార్యాభర్తలిద్దరి ముందూ చెప్పేశాను. రెండు చేపలు, తేదీతో సహా.

నీ గేటు కాడ నేను మల్ల బుట్ట దించ అంది కమలాబాయి.

సోమయ్య చినిగిన వలకు ఇంకో ముడి వేశాడు. తర్వాత, సార్ పేరు మీద ఇడిస్తివి గద, సార్ పేరు మీదనే తియ్యి అన్నాడు. రేపు ఆరింటికి రా అమ్మా, గడ్డపార నేను తెస్త అన్నాడు.

మే 11

తవ్విన బొరియలు ఇప్పటికి 63. గుంటలు రెండు నిండాయి. నిన్న వలలో రవ్వలు 9. సోమయ్య వాచ్‌మన్ మాట ఎత్తడం లేదు. కమలాబాయి నాతో మాట్లాడదు. టీ మాత్రం మూడు గ్లాసుల్లో పోస్తుంది.

మే 18

బొరియలో చేయి పెట్టాను. మగది. గుడ్ల మీద ఉంది. పారిపోలేదు. లాగితే వచ్చింది.

గుంటలో వేసి మట్టి కప్పుతూ, ఏమండీ అన్నాను.