రెండు తోటల ద్రాక్షారసం

మడకశిర,
10-4-1962.

తమ్ముడు సామేలుకు అక్క ప్రేమతో రాసేది.

నీ ఉత్తరం చేరింది. "బావి ఎండిపాయ, నాయన మంచాన పడె, ఇంగ ద్రాక్షతోట ఎందుకు, అమ్మేయక్కా" అని రాసినావు. నేనూ సరే అనుకుంటి. కానీ మొన్న జరిగింది విను.

ఈస్టర్ పండగకు చర్చీలకు ద్రాక్షారసం పంపాల. ఏటా మన నల్లద్రాక్ష తీపి రసంలో కుందుర్పి మామ తోట పులుపు రసం కలిపేది నాయనే కదా. ఎంతకెంత కలపాలో ఎవరికీ చెప్పలేదు, నాలుకతోనే చూసేవాడు. పక్షవాతం వచ్చి ఆరునెలలాయ, నోట మాటే లేదు. అందుకని నేనే జాడీల ముందర కూచోని కలిపి, చెంచాతో నాయన నోట్లో పోసినా. తల అడ్డంగా ఊపినాడు. ఇంగ రవంత పులుపు కలిపినా. మళ్లా అంతే. నాలుగుసార్లయినాక ఏడుపొచ్చి, "నాకు చేతకాదు నాయనా, తోట అమ్మేస్తాండాం" అనేసినా.

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. వంకరపోయిన మూతి కదిలించి, "తీపి... ఇంగొంచెం" అన్నాడ్రా! ఆరునెలలకు మొదటి మాట. తీపి రసం పోసి తాపిస్తే కండ్లు మూసుకోని మింగినాడు, చెంచా వదల్లేదు. "ఇది చర్చీకి నాయనా" అంటే నవ్వినాడు.

తోట కొంటామన్నోళ్లకు అమ్మేది లేదని చెప్పి పంపినా. బావి ఇంగ రెండు నిలువుల లోతు తవ్విస్తా. నిన్ను అడక్కుండా చేసినందుకు కోపం చేసుకోవద్దు. సెలవు దొరికితే వచ్చి నాయన పక్కన కూచో. ఇప్పుడు నీ పేరు పలికేదానికి చూస్తాండాడు. "సా" వరకు వచ్చినాడు.

నీ అక్క.