తొమ్మిదో పేజీలో మైనస్

మార్చి 3

నెలాఖరుకి మా ఫ్యూజన్ మెషీన్ ఆపేస్తున్నారు. ఇరవై రెండేళ్లు పనిచేశాను దానిమీద. డైరెక్టర్ మెయిల్ మూడు లైన్లే. ఆఖరి షాట్‌కి, అంటే మెషీన్‌ని చివరిసారి నడిపే ఆ కొద్ది సెకన్లకి, కంట్రోల్ ప్రోగ్రాం నన్నే రాయమన్నారు.

మార్చి 5

బీరువా సర్దుతుంటే మాస్టారి నోట్సు దొరికింది. నా పీహెచ్‌డీ గైడ్ ఆయన. నీలం సిరా, మార్జిన్‌లో టీ మరక. అప్పుడు ఆరుగురం, ఒకటే బోర్డు. మెషీన్‌లో కోట్ల డిగ్రీల వేడితో తిరిగే వాయువును, ప్లాస్మాను, చంటిది అనేవాళ్లం. గోడకు తగలకుండా అయస్కాంతాలతో ఎత్తి పట్టుకోవాలి కదా. అది కదిలాక సర్దడం కాదు, ఎటు కదలబోతోందో లెక్కగట్టి, అతి తక్కువ కరెంటుతో ముందే సర్దాలన్నది మాస్టారి పద్ధతి. ఆ లెక్కకు అప్పటి కంప్యూటర్ నాలుగు సెకన్లు తీసుకునేది. చంటిది ఇచ్చే టైం సెకనులో వెయ్యో వంతు.

ఆ పద్ధతి పనికిరాదని ప్రాజెక్టు కమిటీకి రిపోర్టు రాసింది నేనే. మాస్టారు బోర్డు తుడిచి వెళ్లిపోయారు. ఆ ఏడాదే ఉద్యోగం మానేశారు.

మార్చి 6

ఇప్పటి కంప్యూటర్‌కి అదే లెక్క ఇచ్చాను. సెకనులో వెయ్యో వంతు కూడా పట్టలేదు.

మార్చి 9

ఆఖరి షాట్‌కి మాస్టారి పద్ధతితోనే ప్రోగ్రాం రాశాను. సిమ్యులేషన్‌లో ప్లాస్మా ప్రతిసారీ గోడను గుద్దుకుంటోంది. ఎందుకో అంతుపట్టడం లేదు. అడగగలిగిన మనిషి ఒక్కరే.

మార్చి 11, సాయంత్రం 5

పదిహేడేళ్ల తర్వాత మాస్టారి ఇంటి మెట్లెక్కాను. మాస్టారి భార్య, అమ్మగారు, తలుపు తీసి, దారి గుర్తుందా అమ్మాయ్ అన్నారు. మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చారు. చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయి ఏడ్చాను. నీ రిపోర్టు కరెక్టేనమ్మా, ముందు నాకో మాట చెప్పి ఉంటే బావుండేది అన్నారు మాస్టారు. అంతే.

తర్వాత నేను తెచ్చిన నోట్సు తిప్పి తొమ్మిదో పేజీ చూపించారు. అక్కడి లెక్కలో ప్లస్ కాదు, మైనస్ ఉండాలట. ఉద్యోగం మానేసిన వారానికే ఆ తప్పు పట్టుకున్నారట. నాకు చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ తీసి పెట్టేశారో అమ్మగారు లెక్క చెప్పబోతే, నువ్వూరుకో అని కసిరారు.

మార్చి 28, ఉదయం 11

ఆఖరి షాట్. మాస్టారిని నా కుర్చీలో కూర్చోబెట్టాను. ప్లాస్మాను గోడకు తగలకుండా నిలిపిన మా పాత రికార్డు ఇరవై ఆరు సెకన్లు. ఇవాళ నలభై ఒకటి. అందరూ ప్లాస్మా కెమెరా చూస్తుంటే ఆయన తెరమీద అయస్కాంతాల కరెంటు గీత ఒక్కటే చూస్తున్నారు. కుదుపు లేకుండా సాగింది. చంటిది నిద్రపోయిందే అన్నారు నెమ్మదిగా. నేను మళ్లీ పాతికేళ్లదాన్నయ్యాను.

ఏప్రిల్ 2

మాస్టారు ఫోన్ చేశారు. కరెంటు ఇంకా తగ్గించొచ్చట, రేపు రమ్మన్నారు. మెషీన్ లేదు కదా మాస్టారూ అన్నాను. కాగితం ఉంది కదా అన్నారు.