నాలుగెక్కడిది?

చిన్నోడికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అక్కడ నువ్వూ, కోడలూ, నా మనవరాలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మీ నాన్న మోకాలి సంగతి అడిగావు. నొప్పి తగ్గింది, మూలుగు తగ్గలేదు. నువ్వు చేసి పంపిన ముక్కాలిపీట మీద కాలు పెట్టుకుని, మావాడి పనితనం చూడండని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు.

ఇక పాప సంగతి. వర్గ సమీకరణం సూత్రం ఎలా వచ్చిందని అడిగితే, "నాకు లెక్కలు రావమ్మా, మా అమ్మే తేల్చేసింది" అని పంపించేశావట. ఇప్పుడు అదీ "నాది నాన్న బుర్రే" అంటోందట. నువ్వు నవ్వుతూ రాశావు గానీ, నాకు అన్నం సహించలేదురా.

ఆ సూత్రం రాబట్టడానికి చాలా దారులున్నాయి. పుస్తకంలోది సమీకరణం మొత్తాన్ని ఎక్స్ వర్గం ముందుండే ఏ తో భాగించి వర్గం పూర్తి చేయడం. భిన్నాలతో పిల్లల ప్రాణం తోడేస్తుంది. ఇంకోటి నీలాంటి వడ్రంగికి ఇట్టే తెలుస్తుంది. రెండు జవాబుల మొత్తం ముందే తెలుస్తుంది గనక, అందులో సగం దగ్గర గీత పెట్టుకుని, అటొకటి ఇటొకటి సమాన దూరంలో వెతకడం. చెక్క మధ్యన గీత గీసి రెండు మేకులకి గుర్తులు పెడతావే, అలాగన్నమాట.

మూడోది నీది.

అవును, నీదే. పదో తరగతిలో, నా పరీక్షలో రాశావు. మొదటి లైనులోనే నాలుగు ఏ తో గుణించేశావు. నాలుగెక్కడిదని మండిపడ్డాను. టీచరు కొడుకని మార్కులేసిందని ఎవరూ అనకూడదని, కొట్టేసి సున్నా పెట్టాను. పైగా క్లాసులో నిలబెట్టి, "జవాబు బట్టీపట్టి మధ్యలో ఏదో అల్లాడు. వీడికి లెక్కలు రావు" అన్నాను.

ఆ ఆదివారం బట్టలారేస్తుంటే అనుమానమొచ్చి నీ దారిలోనే చేసి చూశాను. రెండువైపులా బీ వర్గం కలిపితే, రెండు ఏ ఎక్స్ ప్లస్ బీ మొత్తానికి వర్గం చక్కగా కుదిరింది. చివరిదాకా ఒక్క భిన్నమూ రాలేదు. సోమవారం క్లాసులో చెప్పాలి. పరువు అడ్డొచ్చింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. నువ్వు చదువు మానేసి వడ్రంగం నేర్చుకుంటానన్న రోజున కూడా నోరు పెగల్లేదు. నీ పనికి వంక పెట్టేవాళ్ళు లేరు. కానీ దాన్ని నువ్వు ఎంచుకున్నావో, నేను తోశానో నాకు తెలీదు. క్షమించరా నాన్నా.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. దీంతోపాటు పంపుతున్నాను. సున్నా కొట్టేసి ఐదుకి ఐదూ వేశాను, పక్కన సంతకం పెట్టాను. పాపకి నేను చెప్పను. నువ్వే పక్కన కూర్చోబెట్టుకుని మొదటి లైను నుంచి చెప్పు. నాలుగెక్కడిదని అది అడుగుతుంది. ఆ రోజు నేనూ తిట్టకుండా అడిగి ఉండాల్సింది.

ఇట్లు,
ఇన్నేళ్ళూ నోరు విప్పని
మీ అమ్మ