ఖాజా భాయ్ వెళ్లేలోపు ఒక హమూర్

జూన్ 5, శుక్రవారం
మళ్లీ ఖాళీ బకెట్. పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా ఒడ్డున నిలబడితే గాలానికి ఒక పీత. గోధుమపిండిలో పసుపు, వెల్లుల్లి కలిపి ఉండలు చేశాను. మా ఊరి చెరువులో బొచ్చెలు ఎగబడే ఎర. ఈ ఒమన్ సముద్రంలో వేసిన నిమిషానికే కరిగిపోతోంది.

మెస్‌లో ఖాజా భాయ్ గరిటె పట్టుకునే బకెట్‌లోకి తొంగిచూశాడు. "తొమ్మిదేండ్లుగా నీ చెరువు కతలు వింటాండా అబ్బీ. ఒక్క చేప చూపీ." కడప మనిషి. నవ్వకుండా ఎగతాళి చేస్తాడు.

జూన్ 6
ఖాజా భాయ్ ఎగ్జిట్ కాగితం వచ్చింది. పంతొమ్మిదిన పొద్దున ఏడింటికి ఎయిర్‌పోర్టుకు బండి. ఇక రాడు.

"ఈ మెస్‌లో ఐసు చేపలు వండీ వండీ చెయ్యి మొద్దుబారె. పొయ్యేలోపల నువ్వు పట్టింది వండాల." మార్కెట్లో తాజాది కొందామన్నాను. "కొనేది నాకూ తెల్సులే పో."

సరే అన్నాను. అనేశాను...

జూన్ 9
ఎర్రలు కావాలి. సూర్‌లో ఎక్కడ తవ్వినా ఇసుక, రాళ్లు. ఇక్కడికి చాలా దూరంలో, సహం ఊరి తోటల్లో పనిచేసే మా ఊరి గంగన్నకు ఫోన్ చేశాను. "ఒమన్‌ల ఎర్రలు అడిగినోనివి నువ్వే ఫస్టు రా!" పడీ పడీ నవ్వాడు. పంపుతానన్నాడు.

జూన్ 11
కూరగాయల పికప్‌లో ఖాళీ లబన్ మజ్జిగ డబ్బా వచ్చింది. తడిమట్టి, లోపల బొద్దు ఎర్రలు. ఆ మట్టివాసనకు కాసేపు మూత పెట్టబుద్ధి కాలేదు.

జూన్ 12, శుక్రవారం
ఉప్పునీళ్లు తగలగానే ఎర్రలు తెల్లబడి వేలాడాయి. అంత దూరం నుంచి తెప్పించి! చెరువు బుద్ధి నాది.

పక్కన వల బాగుచేసుకుంటున్న సలీం, ఇక్కడి ముసలి జాలరి, డబ్బాలోకి చూశాడు. "ఏ క్యా హై? మాఫీ ఫాయిదా!" లాభం లేదని. నవ్వీ నవ్వీ చివరికి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన చెప్పింది మర్చిపోకుండా రాసుకుంటున్నా. ఎండాకాలం ఒడ్డు నీళ్లు కాగుతాయి, పెద్ద చేప లోతుకు పోతుంది. పోటెక్కేటప్పుడు చల్లనీళ్లతో పాటు లోపలికి వస్తుంది, అదీ తెల్లవారుజామునే. కవళ్ల చేప ముక్క వేస్తే పీతలపాలు. రాళ్లలో ఉండే పెద్ద చేప హమూర్‌కు ప్రాణమున్న రొయ్యే వేయాలి, తోక దగ్గర గుచ్చి. చిక్కగానే రాళ్ల సందులో దూరుతుంది. అప్పుడు లాగితే గాలం తంగూసు తెగుతుంది. వదులు చేసి ఊరుకోవాలి. "శ్వయ్యా, శ్వయ్యా." నెమ్మదిగా అని.

జూన్ 14
మధ్యాహ్నం ఎండకు పని ఆపారు కదా అని గాలం పట్టుకుని పోయాను. సలీం తెల్లవారుజామున అన్నాడు... విన్నానా? ముక్కు తోలు ఊడింది. చేప లేదు.

జూన్ 17
డ్యూటీకి ముందు గంటసేపు. ప్రాణమున్న రొయ్య. అరచేతంత పిల్ల పడింది, వదిలేశాను. ఖాజా భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. "వదిలేసినావా! చట్నీ అయినా నూరేవాణ్ణి గదా!"

సూట్‌కేస్ సర్దేశాడు. మంచం పక్కన గోడ ఖాళీ.

జూన్ 19, శుక్రవారం
నాలుగున్నరకే ఒడ్డున ఉన్నా. పోటెక్కుతోంది. ఆరుంపావుకు చెయ్యి గుంజింది. ఎంత బరువు! రెండు మూరలు లాగానో లేదో రాళ్లలో దూరింది.

వదులు చేశాను. కూర్చున్నాను.

ఆరున్నర. ముప్పావు. తెంపేసి పరుగెత్తితే పది నిమిషాల్లో రూమ్. ఫోన్ మోగింది. మళ్లీ మోగింది. ఒక చెయ్యి ఖాళీగానే ఉంది. ఎత్తలేదు. ఎత్తితే రమ్మంటాడు, వట్టి చేతులతో ఎలా పోను?

ఏడు దాటాక తంగూసు మెల్లగా కదిలింది. బయటికొచ్చింది. హమూర్. మోచేతి పొడవు. కళ్లు నిగనిగలాడుతున్నాయి.

రూమ్‌కు చేరేసరికి బండి పోయింది. మా రూమ్‌లో ఉండే రాజన్న ఫ్రిజ్ వైపు చూపించాడు. "నీ కోసం ఆగిండన్నా. డ్రైవరే ఆగలె. మసాల నూరి పెట్టిండు."

రాత్రే నూరాడట. చేప పడుతుందని ఆయనకు నమ్మకం. నేనే ఫోన్ ఎత్తలేదు. సిగ్గుగా ఉంది.

జూన్ 20
చేప నిన్నటి నుంచి ఫ్రీజర్‌లోనే ఉంది. ఎవరినీ ముట్టనివ్వలేదు.

జూన్ 21
కడప నుంచి ఫోన్.

"చేప పడిందంట గదా. కూర ఎట్లుండాది?"

"మస్తుగున్నది భాయ్. అందరం తిన్నం."

"సప్పగా ఉండాదని యెవురూ అనలేదా?"

"లేదు భాయ్, మంచిగ కుదిరింది."

"ఆ మసాలాలో నేను ఉప్పెయ్యలేదు అబ్బీ. ఎంతెయ్యాలని అడుగుతావని చూస్తాండా, రెండు దినాలుగా."

ఫోన్ పెట్టేయబోయాను. "పెట్టేయబాక. చేప బయటికి తీ."

తీశాను. రాయిలా ఉంది.

"ఐసు కరగాలె. గంట వడ్తది భాయ్."

"కూచ్చుంటా."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇది రాస్తున్నాను. అవతల ఆయన ఎవరినో టీ అడుగుతున్నాడు. ఆ రోజు ఫోన్ ఎందుకు ఎత్తలేదని ఇంకా అడగలేదు. చేప మీద మొదటి నీటిచుక్క జారింది...