మారెక్క రేడియోకు పది రోజుల గడువు

జూన్ 9, సోమవారం. ఉదయం 5.10

నేటి నుంచి పది రోజులు. రోజూ అయిదుకు లేచి గంటన్నర కూర్చుంటాను. పద్దెనిమిదో తేదీకల్లా మా అక్క మారెక్క మ్యూజిక్ ప్లేయర్‌లో ఎఫ్.ఎం. రేడియో పలికించి తీరుతాను.

తప్పు నాదే. పాటల పేర్లు తెర మీద తెలుగులో కనబడాలని, కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి నెట్‌లో ఉచితంగా దొరికేది ఎక్కించాను. పాతది కాపీ పెట్టుకోలేదు. ఇప్పుడు పేర్లు తెలుగులో పడుతున్నాయి. రేడియో పోయింది! లోపల స్టేషన్లు పట్టే చిప్పు బాగానే ఉంది. ఏ స్టేషను పట్టాలో దానికి చెప్పే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం కొత్త సాఫ్ట్‌వేర్‌లో లేదు. నేనే రాస్తాను. మోటారు వైండింగ్ మాత్రం నాకెవరు నేర్పారు? కళ్యాణదుర్గంలో ఇరవై రెండేళ్లుగా దుకాణం నడవడం లేదా!

ప్రయోగాలు అలాంటిదే అయిన నా ప్లేయర్ మీద. అక్కకు మాత్రం "బెంగళూరు నుంచి సామాను రావాలి" అని చెప్పాను.

జూన్ 10, మంగళవారం. 5.00

లేచాను! చిప్పు వివరాల పుస్తకం నలభై పేజీలు ప్రింటు తీయించాను. ముఖ్యమైన చోట్ల పెన్సిలు గీతలు.

నా భార్య ఆంజినమ్మ కాఫీ పెట్టి అడిగింది: "వదినకు అచ్చరం ముక్క రాదు. పేర్లు తెలుగులో పడితే ఏమి, తమిళంలో పడితే ఏమి?"

ఇది నాకు తట్టలేదు.

జూన్ 11, బుధవారం. 5.25

చిప్పు బదులిచ్చింది!! నువ్వెవరని అడిగితే తన నంబరు చెప్పింది. సగం పని అయినట్టే. మిగతా సగానికి ఏడు రోజులు ఎక్కువే.

జూన్ 12, గురువారం. 5.40

నిన్న సాయంత్రం అక్క గొర్రెలను తోలుకుని పోతూ దుకాణం ముందు ఆగింది.

"ఏమిరా ఓబిలేషూ, ఆ సామాను బెంగళూరు నుంచి నడిసొస్తాందా?"

"వస్తుందిలే అక్కా."

"పొద్దున పోతే పొద్దు గూకేదాకా ఒక్కదాన్నే కదరా. వానొస్తాదో రాదో ఇంగ గొర్రెల్నే అడగల్ల. నేను మాట్లాడితే వింటాయి, బదులు చెప్పవు."

నవ్వుతూనే అన్నది. పోయేటప్పుడు నవ్వలేదు.

రేపు నాలుగున్నరకే లేవాలి.

జూన్ 13, శుక్రవారం. 6.35

లేవలేదు. విత్తనాల కాలం, బోరు మోటార్లు మూడు వచ్చాయి. రైతులను ఆపలేం కదా.

జూన్ 14, శనివారం. 5.50

డ్రైవర్ పూర్తయింది. అనంతపురం స్టేషను అంకె ఇచ్చాను. చిప్పు "సరే" అంది. స్పీకర్‌లో నూనెలో ఆవాలు వేసినట్టు చప్పుడు. ఇంకేమీ లేదు. ప్రతి వరుసా నాలుగుసార్లు చూశాను. తప్పు లేదు.

జూన్ 15, ఆదివారం

ఆంజినమ్మ ఉగ్గాణి, బజ్జీ చేసింది. కడుపు నిండాక తెర మీద అక్షరాలు కనబడవు. ఇది అందరికీ తెలిసిన సంగతే.

జూన్ 16, సోమవారం

కరెంటు లేదు.

(ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది. అయినా.)

జూన్ 17, మంగళవారం. 7.00

అక్క సందులోనుంచి పోతూ నేరుగా లోపలికి వచ్చింది. బల్ల మీద ప్లేయర్ అవే ఆవాలు వేయిస్తోంది. ఇక దాచలేక జరిగినదంతా చెప్పేశాను.

"నాకు తెల్దనుకున్నావా? అబద్ధం చెప్తే నీకు చిన్నప్పట్నుంచీ చెవులెర్రగైతాయి" అంది. తర్వాత ప్లేయర్ తిప్పి చూసి, "చెవుల్లో పెట్టుకునే వైరేదిరా?"

"ఎందుకు? స్పీకర్ ఇందులోనే ఉంది కదా."

"ఎందుకేంది! ఆ వైరు లేకుంటే రేడియో యాడ పలుకుతాది? నేను తుమ్మ కొమ్మకు తగిలిస్తాంటి."

వైరు గుచ్చాను. అనంతపురం స్టేషను గలగలా మాట్లాడింది!!! వైరే ఏరియల్. డ్రైవర్ మూడు రోజుల కిందటే సరిగా ఉంది.

పుస్తకంలో చూశాను. ముప్పై ఒకటో పేజీలో రాసి ఉంది. పెన్సిలు గీత కూడా గీశాను.

"చదువుకున్నోడివి" అని, ఆంజినమ్మా అక్కా కాఫీ తాగినంతసేపూ నవ్వారు.

జూన్ 18, బుధవారం. సాయంత్రం 6.40

గడువు నేటితో సరి. అక్క ఇంట్లో ఆమె ప్లేయర్‌లోకి డ్రైవర్ ఎక్కించాను. వైరు గుచ్చాను. పలకలేదు. నువ్వెవరని చిప్పును అడిగితే వేరే నంబరు చెప్పింది. విప్పి చూస్తే, లోపల వేరే కంపెనీ చిప్పు. ఒకే రోజు, ఒకే కొట్టులో, ఒకే రంగులో కొన్న ప్లేయర్లు! కంపెనీవాళ్లు ఏ చిప్పు దొరికితే అది వేసినట్టున్నారు.

అక్క అంతా విని, నేను వెంట తెచ్చిన నా ప్లేయర్ తీసి కొంగున ముడేసుకుంది.

"ఇది పలుకుతాంది కదా? ఇది నాది. అది నువ్వు పెట్టుకో."

"అక్కా, అందులో పాటలన్నీ నావి."

"ఏం, నీ పాటలు గొర్రెలు వినవా?"

జూన్ 19, గురువారం. ఉదయం 5.05

నేటి నుంచి పది రోజులు. రెండో చిప్పు పుస్తకం అరవై రెండు పేజీలు. ఈసారి గీతలు గీయడమే కాదు, చదువుతాను. అక్క కోసం కాదు. నిన్న రాత్రి అన్నం తింటూ అలవాటుగా పాటల కోసం ప్లేయర్ వైపు చేయి చాచాను. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు.

5.50. అక్క గొర్రెలతో సందులో పోతోంది. నా రేడియో గట్టిగా పెట్టింది. కిటికీ దగ్గరికి వెళ్లాను. పాత పాట. చివరి గొర్రె మలుపు తిరిగేదాకా విన్నాను.

6.20. పుస్తకం ఇంకా తెరవలేదు.

రేపటి నుంచి పది రోజులు.