‘హ్యావ్’ లేని పదకొండేళ్లు

1వ తేదీ, ఉదయం 5.30
రోజు 1! బిస్కెట్ ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా ప్యాకింగ్ మిషన్ తిప్పుతున్నా. ఇప్పుడు సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ. దానికి ఇంగ్లీషులో రాయడం రావాలట. అప్లికేషన్ 13లోపు. ఈలోగా భూతకాలం అంతు తేలుస్తా! గురువు: టీచరైన మా మరదలు. కొత్త నోట్‌బుక్కు, మూడు రంగుల పెన్నులు. ఇక కాస్కో!

2, సాయంత్రం
గో, వెంట్, గాన్. నలభై క్రియలు కంఠతా! మా ఆవిడని “యూ వెంట్ వేర్?” అన్నా. “కూరలకి” అంది. అర్థమైందన్నమాట!

4
“బావా, పని ఇంకా సాగుతుంటే హ్యావ్ పెట్టు. పెట్టకపోతే అయిపోయినట్టే.”
“మరి హ్యాడ్?”
“అంతకంటే ముందే అయిపోయినట్టు.”
అయిపోయాక ముందేంటి, వెనకేంటి? తిన్నానంటే తిన్నట్టే. ఎవరైనా కంచం పట్టుకుని విచారణ చేస్తారా? మరదలు పడీ పడీ నవ్వింది.

7
సెలవు. తలనొప్పి.

8
సెలవు. తలనొప్పి వస్తుందేమోనని.

11, డ్యూటీలో
ప్రాక్టీసుకని రిపోర్టు రాశా: “మిషన్ హ్యాడ్ హ్యావ్ బీన్ స్టాప్డ్.” మేనేజర్ చదివి, “ఆగిందా, ఆగబోతోందా?” అన్నారు. “మీ దయ సార్” అన్నా.

12
జ్ఞానోదయం! హ్యావ్, హ్యాడ్ పీకి పారేస్తే పీడా వదులుతుంది!

13
అప్లికేషన్ ఇచ్చేశా. మరదలికి చూపించలేదు, ఎర్ర పెన్ను తీస్తుంది. “ఐ వర్క్‌డ్ ఇన్ దిస్ ఫ్యాక్టరీ ఫర్ ఎలెవెన్ ఇయర్స్. ఐ వాజ్ వెరీ హ్యాపీ. థాంక్యూ.” అద్దంలా ఉంది!

18, మధ్యాహ్నం
ప్రమోషన్ వచ్చేసినట్టే! క్యాంటీన్‌లో నాకు సన్మానం, గోడ గడియారం! మేనేజర్ ఇంగ్లీషులో ఉపన్యాసం. మాటకి ముందో ‘వాజ్’, వెనకో ‘వాజ్’. పక్క మిషన్ వాడు కళ్లు తుడుచుకున్నాడు. కుళ్లు!

సాయంత్రం
గేటు దగ్గర వాచ్‌మన్ ఐడీ కార్డు అడిగాడు. “రిజైన్ చేశారుగా!” వెనక్కి పరిగెత్తా. మేనేజర్ నా కాగితమే చూపించారు. “పనిచేశాను, సంతోషంగా ఉండేవాణ్ని, థాంక్యూ. మీరే రాశారు కదా?” పై ఆఫీసులో సంతకం అయిపోయిందట. కావాలంటే నా మిషన్‌కే కొత్తగా అప్లై చేసుకోవాలట. ఇంగ్లీషులో. ఇంటికొచ్చి ఏడ్చా.

19, ఉదయం 5.30
రోజు 1! మళ్లీ కొత్త నోట్‌బుక్కు. మరదలి ఎదురుగా కూర్చుని, హ్యావ్ పెట్టి మరీ రాశా: “ఐ హ్యావ్ వర్క్‌డ్ ఇన్ దిస్ ఫ్యాక్టరీ ఫర్ ఎలెవెన్ ఇయర్స్.”
ఈసారి ఆ పిల్ల నవ్వలేదు. ఎర్ర పెన్నుతో ‘హ్యావ్’ కొట్టేసింది.
“ఇప్పుడిది వద్దు బావా.”