వెన్నుదూలం లేచింది, నేలరాళ్లు కావాలి

తమ్ముడు యున్‌సిక్‌కు అన్న సంగ్‌మూక్ ఆశీస్సులు. నేడు మన వంశపు పాఠశాల కప్పుకు వెన్నుదూలం లేచింది. చదువుకు నీడ ఏర్పడిన పుణ్యదినమిది. ఆనందం పట్టలేక వ్రాస్తున్నాను.

నేల కింద పొయ్యిసెగ పారే దారులపై పరచడానికి అక్క కొడుకు తేసొప్ వాగురాళ్లు తెచ్చాడు. "చూడు మామయ్యా, ఎంత నున్నగా ఉన్నాయో" అన్నాడు.

"నిన్నూ ఇలాగే మొహం చూసి మెచ్చుకుని మోసపోయారు పిల్లనిచ్చిన మీ మామగారు. బంగారానికైనా రాతికైనా నిప్పే పరీక్ష, పొయ్యిలో పెట్టు" అన్నాను.

లోపల దాగిన నీరు కాగి రాయి ఫెళ్లున పగిలింది. వాడు వెనక్కి గెంతి, మీ వదిన ఉప్పునీట నానవేసిన క్యాబేజీ తొట్టిలో కూలబడ్డాడు.

"ఇది రాయా, టపాసా?" అన్నాడు.

"ముందు నా క్యాబేజీలోంచి లే అల్లుడూ" అంది ఆమె.

పక్కనే కాగిన కొండరాతి పలక మాత్రం చెక్కు చెదరలేదు. పొద్దుగుంకినా వేడి వదలలేదు. అటువంటివి ఇక్కడ సగం గదికే ఉన్నాయి. నీవు పాత ఇంటి నేల తవ్వించి, వెచ్చదనానికి కరెంటు తీగలు వేయిస్తున్నావట. తాతగారి నాటి నుంచి సెగకు ఓర్చిన ఆ పలకలు పారవేయక, మంచు పడకముందే పంపు. లేకుంటే పిల్లలకు ఈ చలికాలమూ చదువు ఉండదు. మరదలి మోకాలు నయమా? పులియబెట్టడానికి కట్టిన సోయా ముద్దలు ఎండాయా?

ఆ నేలపై కూర్చోబోయే ప్రతి బిడ్డకూ తరగని విద్యా, మనకన్నా దీర్ఘమైన ఆయువూ కలుగుగాక.